సాక్షి సీసా

"తేదీ చదవండి," అంది నా భార్య. "పైకి చదవండి, నాకు వినపడాలి."

నేను చదవలేదు. ఆ తేదీ నాకు నోటికి వచ్చు.

గోడౌన్‌లో సాక్షి అర తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. సీసాలన్నీ దించి గచ్చు మీద వరసగా పేర్చింది. వాటి మధ్య పీట వేసుకుని కూర్చుంది. చేతిలో నాలుగు మడతల కాగితం.

నూనె వ్యాపారంలో ఉన్నవాళ్ళకి ఆ అర సంగతి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పాలి. కొన్న ప్రతి లాటు లోంచి ఒక చిన్న సీసా నింపి, మూత బిగించి, చీటీ అంటించి, వెలుతురు తగలని చోట దాస్తాం. నెల తర్వాత ఎవరైనా వచ్చి "మీ సరుకు వాసనొచ్చింది" అంటే, ఆ సీసా తీసి అతని కళ్ళముందే మూత విప్పుతాం. సీసాలోది బాగుంటే తప్పు అతని కొట్టుది. సీసాలోదీ చెడితే తప్పు మాది. అంతటితో వాదన ఆగిపోవాలి. మూత మాత్రం అమ్మినవాడే తన చేత్తో విప్పాలి. మా నాన్న పెట్టిన పద్ధతి అది, సాక్షి సీసా అన్న పేరూ ఆయన పెట్టిందే.

తాళంచెవి ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. ఆ పొద్దున మాత్రం చిప్స్ కంపెనీ ఆయన రెండు డబ్బాలు వెనక్కి తెచ్చి గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. నేను పైన గడ్డం గీసుకుంటూ చుబుకం దగ్గర తెగ్గోసుకున్నాను. ఆవగింజంత గాటు. రక్తం ఆగదు. దూది అదిమి పట్టుకుని, తాళంచెవి నా భార్య చేతిలో పెట్టి, "నువ్వెళ్ళి సీసా తీసి చూపించు" అన్నాను.

ఆ సీసాల వెనక కాగితం దాచిన సంగతి ఆమె మెట్లన్నీ దిగేశాక గుర్తొచ్చింది.

"చింపెయ్యొచ్చుగా," అంది. "ఇన్నాళ్ళు దాచే బదులు."

"చింపే అలవాటు లేదు."

"దాచే అలవాటు మాత్రం ఉంది."

చిప్స్ ఆయన ఎప్పుడో వెళ్ళిపోయాడు. సీసాలో నూనె బాగుంది, ఆయన కొట్టులోనే ఎండకి పెట్టాడు డబ్బాలు. ఆ గొడవ తేల్చి పంపింది కూడా ఆమే. ఆ తర్వాతే పీట వేసుకుని కూర్చుంది.

"సరే, నేనే చదువుతాను," అంది. "ఈ కాగితం మీద తేదీ ఆరు. నన్ను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళింది అదే నెల ఇరవై తొమ్మిది. ఎన్ని రోజులు?"

దూది తిప్పి చుబుకానికి మళ్ళీ అదిమాను.

"టన్నుల లెక్క వేళ్ళ మీద వేస్తారు కదా. ఎన్ని రోజులు?"

"ఇరవై మూడు."

"ఇరవై మూడు రోజులు. తప్పు నాది కాదని మీకు తెలిసి ఇరవై మూడు రోజులు. పైగా కింద డాక్టరమ్మ చేత్తో రాసింది చూడండి. వృషణం దగ్గర నరం ఉబ్బింది, చిన్న ఆపరేషన్ చేయించుకోవాలి అని. ఎవరు చేయించుకోవాలి?"

"నేను."

"కత్తి ఎవరి మీద పడింది?"

బయట చేతిబండి వాడు డ్రమ్ము దొర్లించుకుంటూ పోయాడు.

ఆమె పొట్ట మీద మూడు గాట్లున్నాయి. పిల్లలు పుట్టకుండా లోపల ఏదో పొర అడ్డుందేమో చూద్దామన్నారు. చూశారు, ఏమీ లేదు. నేను ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాను ఆ రోజు. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. లేవలేదు. ఆ వరండాలో నేను వేసుకున్న లెక్క ఇది: ఆపరేషన్‌లో ఏదైనా దొరికితే తప్పు సగం సగం అవుతుంది. సగం సగం అయితే మార్కెట్లో తల ఎత్తుకోవచ్చు. మనిషి మీద కత్తి పెడుతుంటే బయట కూర్చుని నేను చేసిన బేరం అది.

"అసలు నాకు మూణ్ణెల్ల కిందటే తెలియాలి," అంది ఆమె. గొంతు తగ్గింది, అది ఇంకా భయంగా ఉంది. "మీ చెమట వాసన మారింది. దుప్పటి మారింది, దిండు మారింది. ఏదో పచ్చి నూనె వాసన. నేనేమనుకున్నానో తెలుసా? ఇంకెవరి దగ్గరికో వెళ్తున్నారనుకున్నాను. నీళ్ళగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. తీరా చూస్తే ఈ కాగితంలో రాసిన బిళ్ళలు! ఇప్పుడు నవ్వొస్తోంది."

నవ్వలేదు.

మార్కెట్లో ఆమెని 'ముక్కు' అంటారు. మర్యాదగానే అంటారు. ఏ మిల్లు నుంచి ఏ డ్రమ్ము వచ్చినా ముందు ఆమె మూత తీసి వాసన చూడాలి. "ముక్కు ఒప్పుకుందా?" అని అడిగి కొంటారు హోటళ్ళవాళ్ళు. రంగు బంగారంలా ఉండి, చిక్కదనం సరిగ్గా ఉండి, లోపల చెడటం మొదలైన నూనెని లాబ్ కంటే రెండు రోజుల ముందు ఆమె పట్టేస్తుంది. అలాంటి మనిషి పక్కన పడుకుని నేను నాలుగు నెలలు దాచాను. దానికి తెలివి అని పేరు పెట్టుకున్నాను.

పైనుంచి అమ్మ గొంతు వచ్చింది. "ఒరేయ్! ఆ గొడవ తెమిలిందా లేదా? సాయంత్రం ఐదింటికి మనుషులొస్తున్నారు. సగం గడ్డంతో తిరుగుతున్నావేంట్రా?"

వస్తున్నది పోస్టుమాస్టరు గారు. ఉద్యోగం దిగిపోయి రెండేళ్ళయింది. భర్త పోయిన కూతురుంది ఆయనకి, ఆ కూతురికి నాలుగేళ్ళ పాప. ఆ పాపే మా అమ్మకీ, అక్కకీ నచ్చిన విషయం. "ఆ పిల్ల కనగలదని రుజువైపోయిందిరా తమ్ముడూ," అంది అక్క పోయినవారం, నా భార్య వింటుండగానే. విడాకుల కాగితాలు ఎవరి చేత రాయించాలో కూడా మాట్లాడి పెట్టుకున్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనానికి అర్థం ఇంట్లో అందరికీ తెలుసు.

నా భార్య లేచింది. ఒక్కొక్క సీసా తిరిగి అరలో సర్దింది. చీటీలు బయటికి కనబడేలా.

"నా పెట్టె సర్ది ఉంది," అంది అటు తిరిగే. "పోవడానికి నాకేం అడ్డు లేదు. కానీ పదకొండేళ్ళు గొడ్రాలు అన్నారు ఈ ఇంట్లో. ఆ పేరు ఇక్కడ దింపి పోతాను, నెత్తిన పెట్టుకుని పోను. సాయంత్రం ఆ పోస్టుమాస్టరు ముందు, అత్తయ్య ముందు, వదిన ముందు మీ నోటితో చెప్పండి."

"చెప్తే ఉంటావా?"

"బేరమాడకండి. ముందు చెప్పండి, తర్వాత చూస్తాను." తాళం వేసింది. తాళంచెవి నాకివ్వలేదు. "ఇంకో సంగతి. రెండో పరీక్ష ఫలితం ఇవాళే వస్తుందట, ఈ కాగితం వెనక రాసుకున్నారు. నేనూ వస్తున్నాను."

* * *

స్కూటర్ మీద నా వెనక కూర్చుంది. భుజం మీద చెయ్యి వెయ్యలేదు. వెనక ఇనుప కమ్మీ పట్టుకుంది. ప్రతి గోతి దగ్గరా ఆ కమ్మీ కిర్రుమనడం వినిపిస్తూనే ఉంది.

డాక్టరమ్మకి అరవై దాటి ఉంటాయి. మాట కటువు. ఆమె ముందు కూర్చుంటే సుంకం ఎగ్గొట్టి పట్టుబడ్డట్టు ఉంటుంది.

"ఇప్పటికి ఇద్దరూ కలిసి వచ్చారన్నమాట," అంది నన్ను చూసి. "నాలుగు నెలల కిందట మీ ఇంటికి ఫోన్ చేయించాను, ఇద్దరూ రండి అని. పెద్దావిడ ఎత్తారట. ఒక్కరే వచ్చారు మీరు."

"అమ్మ నన్నొక్కణ్ణే వెళ్ళమంది. ఆమెకి కొట్లో పనుందని."

"నాకేం పనుంది ఆ రోజు?" అంది నా భార్య.

డాక్టరమ్మ కొత్త కాగితం తిప్పి ఆమె వైపు పెట్టింది. నా వైపు కాదు. "ఏమ్మా, ఈయన చెప్పరు కాబట్టి నేను చెప్తాను. మీ ఆయన వీర్యకణాలు లెక్కకి బాగానే ఉన్నాయి. కదులుతున్నాయి కూడా. అందుకే ఏడేళ్ళ కిందట చేసిన మామూలు పరీక్షలో అంతా బాగుందన్నారు, మీ మీద పడ్డారు. కానీ లోపల పోగులు తెగి ఉన్నాయి. బిడ్డకి తండ్రి నుంచి వెళ్ళాల్సిన డీఎన్‌ఏ పోగులు అవి. నాలుగు నెలల కిందట నూటికి ముప్ఫై ఎనిమిది కణాల్లో తెగిపోయి ఉన్నాయి."

"ఎందుకు తెగుతాయి?"

"మీరు నూనె వ్యాపారం కదా. నూనె ఎందుకు చెడుతుంది?"

"గాలి తగిలి," అంది నా భార్య వెంటనే. "వేడి తగిలి, వెలుతురు తగిలి. గాల్లోని ఆక్సిజన్ నూనెని తింటుంది."

"అదే ఇది. ఆ కణం పైపొర కొవ్వుతో చేసింది. మీ పొద్దుతిరుగుడు నూనెలాగే త్వరగా చెడే కొవ్వు. ఆక్సిజన్‌లోనే కొన్ని చురుకైన రూపాలుంటాయి. అవి శరీరంలో హద్దు మీరి పోగయితే ఆ పొరని పాడుచేస్తాయి, లోపలి పోగుల్ని తెంపుతాయి. దాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటాం. సిగరెట్టు ఒక కారణం. నరం ఉబ్బి అక్కడ వేడి నిలవడం ఇంకో కారణం. ఈయనకి రెండూ ఉన్నాయి. సిగరెట్టు మానమన్నాను. నరానికి ఆపరేషన్ అన్నాను. ఈలోగా రోజుకి ఒక్క బిళ్ళ రాశాను."

సిగరెట్టు మానలేదు. తగ్గించాను. ఆ తేడా చెప్పబోయి డాక్టరమ్మ ముఖం చూసి ఊరుకున్నాను.

"బిళ్ళలు ఎన్ని వేసుకున్నారు?"

"వేసుకున్నానండి. మానకుండా."

"ఎన్ని?"

"పొద్దున రెండు. మధ్యాహ్నం రెండు. సాయంత్రం రెండు. మందుల షాపాయన ఇంకో రెండు రకాలు మంచివన్నాడు, అవి కూడా."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఎవరు చెప్పారు అన్ని వేసుకోమని?"

నా లెక్క నాకుంది. నూనె చెడకుండా మిల్లువాళ్ళు కలిపే మందు, ఈ బిళ్ళలో ఉన్న విటమినూ ఒకే జాతి. డ్రమ్ముకి కాస్త కలిపితే రెండు నెలలు నిలుస్తుంది. ఎక్కువ కలిపితే ఎక్కువ నిలవాలి. ఆపరేషన్ తప్పించుకోవచ్చు, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇదంతా డాక్టరమ్మకి చెప్పాను.

డాక్టరమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"కిందటేడు," అంది నా భార్య నెమ్మదిగా, "ఆ పెద్ద మిల్లు నుంచి వచ్చిన లాటు ఎందుకు తిప్పి పంపారు?"

"ఇప్పుడదెందుకు?"

"డాక్టరమ్మ గారికి చెప్పండి. నలభై డ్రమ్ములు. మిల్లు మేనేజరు వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా వద్దన్నారు. ఎందుకు?"

"మందు ఎక్కువైంది."

"ఎక్కువైతే ఏమవుతుంది?"

"...ఎదురు తిరుగుతుంది. నూనె ఇంకా త్వరగా చెడుతుంది."

"నలభై డ్రమ్ముల విషయంలో తెలిసింది. ఒంటి విషయంలో తెలియలేదు," అంది నా భార్య. డాక్టరమ్మ ఆమెని కాసేపు చూసింది. తన పక్కన ఉద్యోగం ఇస్తానంటుందేమో అనిపించింది నాకు.

"ఒంట్లోనూ అంతే," అంది డాక్టరమ్మ. "ఆ చురుకుదనం కాస్త ఉండాలి. అది బొత్తిగా లేకపోతే కణం అండంలోకి దూరలేదు. మీరు దాన్ని అటు చంపారో, ఇటు తిప్పారో ఒట్టేసి చెప్పలేను. తగ్గలేదన్నది మాత్రం నిజం. ముప్ఫై ఎనిమిది ఇప్పుడు నలభై ఒకటి. రక్తం గడ్డకట్టడం కూడా మందగించి ఉంటుంది. ఆ దూది ఎప్పటి నుంచి ఉంది?"

చుబుకం తడుముకున్నాను. తడిగా ఉంది.

"పొద్దుటి నుంచి," అంది నా భార్య. "దాని పుణ్యమే. అది ఆగి ఉంటే తాళంచెవి నా చేతికి వచ్చేది కాదు."

డాక్టరమ్మ బిళ్ళలన్నీ ఆపెయ్యమంది. రక్తం కుదుటపడ్డాక ఆపరేషన్‌కి తేదీ ఇస్తానంది. ఆ తర్వాత కొత్త కణాలు తయారు కావడానికి మూణ్ణెల్లు పడుతుంది, ఆశ ఉంది, మాట మాత్రం ఇవ్వలేనంది. లేవబోతుంటే నా భార్యని అడిగింది: "మీ ఆపరేషన్ ఎవరు చేశారమ్మా? నా దగ్గరికి రాలేదే?"

"మా అత్తయ్య వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళారు," అంది. "మీ దగ్గర ఆలస్యం అవుతుందని."

* * *

నాలుగింటికి అక్క దిగింది. వస్తూనే ముందుగదిలో కుర్చీల వరస మార్చింది, కిటికీ తెర మార్చింది. చివరికి నా భార్యని కూడా అక్కణ్ణుంచి మార్చబోయింది.

"నువ్వు వంటింట్లో ఉండమ్మా. పెద్దమనిషి వస్తాడు, నిన్ను చూస్తే ఆయనకి ఇబ్బందిగా ఉంటుంది."

"ఇబ్బందిగా ఉండాలనే ఉంటున్నాను వదినా."

"మాట చూడు! మా తమ్ముడు మెత్తన కాబట్టి పదకొండేళ్ళు మోశాడు నిన్ను. ఇంకో ఇంట్లో అయితే మూడో ఏడే చేతిలో పెట్టె పెట్టి పంపేవాళ్ళు."

"మోసింది ఎవరో ఇంకో గంటలో తెలుస్తుంది."

"ఏం తెలుస్తుంది? ఒరేయ్ తమ్ముడూ, ఏం వాగుతోందిరా ఇది?"

తమ్ముడు స్టూలు మీద కూర్చుని చెప్పు ఉంగటం సరిచేసుకుంటున్నాడు. దానికేం కాలేదు. మార్కెట్లో నా గొంతుకి ముగ్గురు దళారులు వెనక్కి తగ్గుతారు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య నా గొంతు ఎప్పుడూ స్టూలు ఎత్తు దాటలేదు.

అమ్మ లోపల్నుంచి వచ్చింది. ఉతికిన చీర, దువ్విన తల. అక్కలా అరవదు అమ్మ. అమ్మ మాట తూకం వేసినట్టు పడుతుంది. "అమ్మాయ్, నీ మీద నాకు పగ లేదు. నీ ముక్కు మంచిది, కడుపు మంచిది కాదు. వ్యాపారంలో నీ కష్టం ఉంది, కాదనను. నీకు రావాల్సింది నీకు ఇప్పిస్తాను. మర్యాదగా విడిపోదాం."

"కడుపు కోసి చూశారు కదా అత్తయ్యా. ఏం దొరికింది?"

"డాక్టర్లకి అన్నీ దొరుకుతాయా?"

నా భార్య నన్ను కళ్ళతోనే వసారాలోకి పిలిచింది. నాలుగు మడతల కాగితం నా చేతిలో పెట్టింది.

"ఇదిగో. మీ దగ్గరే ఉంచుకోండి. నేను తీసి చూపిస్తే దొంగ కాగితం అంటారు. మూత అమ్మినవాడే విప్పాలి."

నాకు జేబు బనీను వేసుకునే అలవాటు. గుండెకి ఎడమవైపు, చొక్కా కింద, బయటికి కనబడని జేబు. మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళం చాలామందిమి కుట్టించుకుంటాం. కాగితం అందులో పెట్టి చొక్కా బొత్తాలు వేసుకున్నాను. వసారాలో మేమిద్దరమే ఉన్నాం. ఎవరూ చూడలేదు.

పోస్టుమాస్టరు గారు ఐదు కొట్టేసరికి గుమ్మంలో ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, చంకలో గొడుగు. కుర్చీ అంచున కూర్చున్నారు. టీ ఇస్తే పుచ్చుకున్నారు గానీ తాగలేదు. అమ్మ నా పక్కనే కూర్చుంది. నా భార్య తలుపు పక్కన నిలబడింది. ఆమె పెట్టె ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. ఆయన దాన్ని చూశారు, చూపు తిప్పుకున్నారు.

"నాకొక్కటే తెలియాలి బాబూ," అన్నారు. "ఒక ఆడపిల్ల ఈ ఇంట్లో ఉండగానే నేను నా కూతురి మాట మాట్లాడటానికి వచ్చాను. అది నాకు చాలా కష్టంగా ఉంది. ఎందుకు విడిపోతున్నారో మీ నోటితో చెప్పండి. మీ అమ్మగారు చెప్పింది విన్నాను. మీరు చెప్పింది వినాలి."

"వాడేం చెప్తాడు పాపం..." అక్క అందుకోబోయింది.

"అబ్బాయే చెప్పాలమ్మా," అన్నారాయన.

నా భార్య వైపు చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. ఆయన చేతిలోని టీ కప్పుని చూస్తోంది.

"లోపం ఆమెలో లేదండీ," అన్నాను. "నాలో ఉంది."

అంతే. చెప్పేశాను. కప్పు పగుల్తుందనుకున్నాను, అక్క కేకవేస్తుందనుకున్నాను. ఏమీ జరగలేదు.

అమ్మ నవ్వింది. మెత్తగా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"చూశారా అన్నయ్యగారూ," అంది పోస్టుమాస్టరు గారితో. "ఇదీ నా కొడుకు! కట్టుకున్నదాని మీద మాట పడకూడదని తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. చిన్నప్పుడూ అంతే, అక్క పగలగొట్టిన అద్దానికి వీడు దెబ్బలు తిన్నాడు."

"నిజం, నిజం," అంది అక్క. ఆ అద్దం నాకు గుర్తులేదు.

"అమ్మా, నేను చెప్పేది..."

"చాలు నాన్నా. నీ మనసు ఆయనకి అర్థమైంది."

పోస్టుమాస్టరు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇలాంటి మాట అనగలిగిన మగవాడు ఈ రోజుల్లో దొరకడండీ," అన్నారు. మొదటిసారి కుర్చీలో వెనక్కి జారగిల కూర్చున్నారు. టీ ఒక గుక్క తాగారు.

ఇక్కడ నేను నిజం రాయాలి. ఆ క్షణం నాకు హాయిగా ఉంది. చెప్పమన్నది చెప్పాను. నమ్మకపోవడం వాళ్ళ పని. నా మాట నిలబడింది, నా పరువూ నిలబడింది. ఇంత చవగ్గా తెమిలిన బేరం జీవితంలో ఇంకోటి లేదు. ఇక నోరు మూసుకుంటే చాలు.

"సాక్షి సీసా తీయండి," అంది నా భార్య.

గొంతు పెద్దది చెయ్యలేదు. హోటలు వాడు వాదనకి వస్తే నాతో ఎలా అంటుందో అలాగే అంది.

"ఏం సీసా?" అన్నారు పోస్టుమాస్టరు గారు.

"ఆవిడకి మతి స్థిమితం లేదండీ," అంది అక్క. "పట్టించుకోకండి."

నా భార్య వంగి పెట్టె పిడి పట్టుకుంది. ఎత్తలేదు. పట్టుకుని ఆగింది. ఆ పెట్టె నేల మీద నుంచి లేస్తే మళ్ళీ ఈ ఇంట్లో దిగదు. పదకొండేళ్ళలో ఆమె ఒక లాటు వద్దన్నాక మనసు మార్చుకోవడం నేను చూడలేదు.

నా చెయ్యి లేచింది. చొక్కా రెండో బొత్తాం దాకా వెళ్ళింది.

అంతలో అమ్మ అరచెయ్యి నా గుండె మీద పడింది. చూసేవాళ్ళకి కొడుకుని ఓదారుస్తున్న తల్లి చెయ్యి. ఎడమవైపు, చొక్కా మీద నుంచి, సరిగ్గా ఆ జేబు మీద. వేళ్ళు చాపి అదిమింది. లోపల కాగితం కరకరలాడింది.

నాలుగు నెలల కిందట, ఆ కాగితం ఇంటికి తెచ్చిన మొదటి రోజు కూడా అదే జేబులో ఉంది. మర్నాడు ఉతకడానికి బనీను తీసుకెళ్ళింది అమ్మే. జేబులోవి తీసి మంచం మీద పెట్టింది. దువ్వెన, తాళంచెవి, మడతపెట్టిన కాగితం. మడత మడతగానే ఉంది కదా అని ఊపిరి పీల్చుకున్నాను ఆ రోజు. ఆ వారమే అమ్మ పట్టుబట్టింది, ఇంక ఆలస్యం వద్దు, కోడలికి ఆపరేషన్ చేయించెయ్యాలి అని.

నా భార్య పెట్టె పిడి వదిలేసింది. ఇంతసేపూ నా మీద ఉన్న చూపు మెల్లగా అమ్మ చేతి మీదికి వెళ్ళింది, అక్కణ్ణుంచి అమ్మ ముఖం మీదికి.

"అత్తయ్యా," అంది, "అక్కడ ఏముందో మీకెలా తెలుసు?"